గుట్టు బతుకు

మొన్న ఆదివారం మధ్యాహ్నం వెనక వసారాలో అమ్మ కొత్త చింతపండు కొడుతోంది. నల్లమల అంచు ఊళ్ల నుంచి ఏటా ఈ రోజుల్లో మాకు రెండు బస్తాల కాయ వస్తుంది. ఇల్లంతా పులుపు వాసన. నేను లోపలి గదిలో పడుకొని ఏదో చదువుకుంటున్నాను. అమ్మ గింజలు తీసి పక్కనున్న రేకు డబ్బాలో వేస్తుంటే ఒక్కొక్కటీ టక్కుమని పడుతోంది. కాసేపటికి డబ్బా అడుగు నిండినట్టుంది, చప్పుడు మారింది. గింజ మీద గింజ పడే ఆ మెత్తటి చప్పుడు వినగానే నా ముందున్న అక్షరాలు అలుక్కుపోయాయి. నా చెవికి అవి చింతగింజలు కావు, బంగారు నాణేలు. తొమ్మిదో తరగతి నుంచి నాలుగేళ్లపాటు, గిద్దలూరు స్టేషన్ రోడ్డులో మా కిరాణా దుకాణం పైనున్న మిద్దె గదిలో, ప్రతి ఆదివారం నేను ఆ నాణేలతోనే బతికాను. వాటిని మా దోసిళ్లలో పోసిన మనిషి పేరు చెన్నకేశవులు. మా బడిలో సోషల్ చెప్పేవారు. మేము కేశవులు సార్ అనేవాళ్లం.

ఆయన్ను మీరెవరూ చూసి ఉండరు. రోడ్డు మీద ఎదురుపడినా గుర్తుపెట్టుకొని ఉండరు. సన్నగా, కాస్త వంగినట్టు నడిచే మనిషి. ముప్పై దాటి ఉంటాయేమో. నీలం చొక్కా ఒకటి, బూడిద రంగు చారల చొక్కా ఒకటి, ఒకరోజు ఇది, ఒకరోజు అది. రెండూ ఎప్పుడూ ఇస్త్రీ మడతలతోనే ఉండేవి. కొమరోలు దగ్గర పల్లెటూరు ఆయనది. చదువైపోయాక బెంగళూరులో రెండేళ్లు ఏదో కంపెనీలో కంప్యూటరు ముందు కూర్చొని పని చేశారట. ఈలోపల ఊళ్లో తండ్రి పోయాడు, పొలంలో బోరు ఎండిపోయింది, తల్లి ఒంటరిదైంది. దగ్గర్లో ఉండాలని గిద్దలూరు వచ్చి ప్రైవేటు బడిలో చేరి, మా మిద్దె గది బాడుగకు తీసుకున్నారు. బెంగళూరు నుంచి ఆయన తెచ్చుకున్న సామానులో నాకు గుర్తున్నవి రెండే. స్పైరల్ బైండింగు చేయించిన ఒక లావుపాటి జిరాక్సు పుస్తకం. ఒక గుడ్డసంచీలో రకరకాల పాచికలు, ఇరవై ముఖాలున్న పాచిక కూడా అందులో ఉండేది. అక్కడ ఆయన గదిలో ఉండే కుర్రాళ్లు సెలవురోజున ఆడుకునే ఒక ఆట తాలూకువి ఆ రెండూ. మంత్రగాళ్లు, కోటలు, రాక్షసులు, నిధులు ఉండే ఊహల రాజ్యం. తలా ఒక పాత్ర తీసుకొని, ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెప్పాలి. మేము దానికి రాజ్యం ఆట అని పేరు పెట్టుకున్నాం.

కథ నడిపేది సార్, ఆడేవాళ్లం ముగ్గురం. నేను, రైల్వే ఉద్యోగి కొడుకు భాస్కర్, ఈశ్వరి. ఈశ్వరికి తండ్రి లేడు. వాళ్లమ్మ పొద్దున మా బడి ఊడ్చి, ఆ తర్వాత బస్టాండు దగ్గర హోటల్లో అంట్లు తోమేది. బడి ఊడ్చినందుకు ఈశ్వరికి ఫీజు తగ్గించారు. తరగతిలో ఎవరితోనూ పెద్దగా మాట్లాడని ఆ పిల్లను సారే పట్టుబట్టి పిలిచారు.

రెండో ఆదివారమో మూడో ఆదివారమో నాయన ధనధనా మెట్లెక్కి వచ్చాడు.

“ఏంది సార్ ఇది? పాచికలంట? మా మిద్దె మీద జూదమా?”

సార్ లేచి నిలబడ్డారు. “జూదం కాదు సార్, కథ. పిల్లలు తలా ఒక మనిషి అవుతారు. ఆ మనిషి ఏం చేయాలనుకుంటాడో వాళ్లు చెప్తారు. అవుతాదా కాదా అనేది పాచిక చెప్తాది.”

“డబ్బులు లేవు గదా?”

“చింతగింజలు. మీ దుకాణంలో పారబోసేటివే.”

నాయన మంచం అంచున కూర్చొని, సార్ రాసుకున్న ధరల పట్టీ చేతికి తీసుకున్నాడు. తాడు ఎంత, దీపం నూనె ఎంత, గుర్రం ఎంత, కత్తి ఎంత. చదివేకొద్దీ ఆయన మొహం చిట్లింది. “ఈ ధరలేంది? నూనె కంటే కత్తి చవకా? ఎవురు రాసినారు దీన్ని? ఎన్నడూ దుకాణం పెట్టిన మొగమేనా?” సార్ పగలబడి నవ్వారు. ఆయన అంత గట్టిగా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. “అయితే మీరే చెప్పండి సార్. ఆ ఊర్లో ఒక మనిషి నెలరోజులు బతకాలంటే ఎంత కావాల?”

నాయన పట్టీ మీద నుంచి తల ఎత్తకుండానే అడిగాడు. “ఎట్లాంటి మనిషి?”

సార్ మావైపు తిరిగారు. “విన్నారా? బతకడానికి ఎంత కావాలని అడిగితే, ఎట్లాంటి మనిషి అని అడిగినాడు మీ నాయన. మన ఆటంతా ఆ మాటలోనే ఉండాది.”

ఆ సాయంత్రం నాయన, ఆయన కలిసి పాత క్యాలెండరు వెనక ఆరు రకాల బతుకులు రాశారు. జిరాక్సు పుస్తకంలో ఉన్న ఇంగ్లీషు పేర్లు సార్‌కు నచ్చలేదు. దిక్కులేని బతుకు, ఈడ్పు బతుకు, పూట బతుకు, గుట్టు బతుకు, నిండు బతుకు, దొర బతుకు అని తనే పెట్టారు. దిక్కులేని బతుక్కి గింజ కూడా అక్కర్లేదు. దొర బతుక్కి రెండు దోసిళ్లు పోయాలి. రాజ్యంలో నెల తిరిగినప్పుడల్లా సార్ డబ్బా మూత తీసి మా ముగ్గురి మొహాలూ చూసి, “ఈ నెల ఎట్ల బతుకుతారు?” అని అడిగేవారు. గింజలు ఇచ్చేస్తే అయిపోయేది కాదు. ఎట్లా బతుకుతామో దాన్నిబట్టి ఎక్కడ పడుకుంటామో, ఎవరు పలకరిస్తారో, కోట కాపలావాడు నమస్కారం పెడతాడో కర్రతో పొడుస్తాడో ఆయన చెప్పేవారు. దొర బతుకు బతికితే పొద్దున లేచేసరికి వాకిట్లో పొగిడేవాళ్లు, వాళ్ల వెనక దొంగలు. పూట బతుకైతే సత్రంలో పదిమంది మధ్య చాప. కానీ ఊళ్లో ఏ కబురైనా మొదట అక్కడికే వస్తుంది.

నేను ఎప్పుడూ దొర బతుకే. మా రాజ్యంలో నేను కత్తి తిప్పే ఆడమనిషిని. తెల్లగుర్రం, పట్టుబట్టలు, పన్నీరు. భాస్కర్ ఒక నెల నిండు బతుకు, డబ్బా ఖాళీ అయితే మరునెల ఈడ్పు బతుకు. మంత్రగత్తె ఈశ్వరి మాత్రం నాతో సమానంగా నిధి గెలిచినా ప్రతి నెలా పూట బతుకే అనేది. ఒకసారి సార్ ఆమెను అడిగారు, సత్రంలో ఎట్లా పడుకుంటావని. ఈశ్వరి ఆలోచించకుండా చెప్పింది. “గోడ వారగా. చెప్పులు తలకాయ కింద పెట్టుకుంటా. మూట కాళ్లకు కట్టుకుంటా, ఎవురన్నా లాగితే మెలకువొస్తాది. వాకిలి దగ్గర పడుకోను, తాగినోళ్లు తొక్కుతారు.” భాస్కర్, నేను నవ్వాం. ఎంత బాగా ఊహించిందో అనుకున్నాం. సార్ నవ్వలేదు. తలూపి, “ఆ రాత్రి నీ మూట ఎవరూ తీయలేరు, పాచిక అవసరం లేదు” అన్నారు.

పదో తరగతిలో ఉండగా వచ్చింది రాజుగారి విందు. ఆ విందులో రాజుకు విషం పెట్టబోతున్నారని ఈశ్వరికి సత్రంలో తెలిసింది. ఎవరు పెడతారో ఆమె ఒక్కతే గుర్తుపట్టగలదు. కానీ కోట వాకిట్లో కాపలావాళ్లు ఆమె బట్టలు చూసి ఆపేశారు. పట్టుబట్టల్లో ఉన్న నాకు దారి వదిలారు. నేను ఒక్క నిమిషం ఆలోచించి, గొప్ప ఉపాయం తట్టిందన్న సంబరంతో అరిచాను. “సార్, ఈ పిల్ల నా పనిమనిషి, నా వెంట వస్తాదని చెప్తా!” పాచిక వేశాను. పంతొమ్మిది, ఇరవైకి ఒక్కటే తక్కువ. భాస్కర్ చప్పట్లు కొట్టాడు.

సార్ పాచిక వైపు చూడలేదు. “ఆమెను అడిగినావా?” అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఈశ్వరి తల వంచుకొని గింజలు లెక్కపెట్టుకుంటోంది. “ఏం కాదులే సార్. లోపలికి పోవాల గదా” అంది. లోపలికి పోయాం, రాజును కాపాడాం. ఆ రోజు ఆట బాగానే ముగిసింది.

తర్వాతి ఆదివారం ఈశ్వరి రాలేదు. మూడు గంటలైంది, నాలుగైంది. సార్ పాచికలు సంచీలోంచి తీయనే లేదు. చివరికి నాతో, “హారికా, పోయి పిలుచుకొని రామ్మా” అన్నారు. నన్నే ఎందుకు పంపుతున్నారో నాకు తెలుసు. బస్టాండు దగ్గర హోటల్ వెనక్కి వెళ్లాను. అంతకుముందు ఎన్నడూ అటు పోలేదు. నీళ్ల తొట్టి పక్కన వాళ్లమ్మ బాన తోముతోంది, ఈశ్వరి ప్లేట్లు కడుగుతోంది. మోచేతుల దాకా బూడిద నురగ. నన్ను చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది.

“సార్ రమ్మంటున్నాడు” అన్నాను.

“నేను రాను.”

“ఆట గదనే. ఆటలో అన్నా. దానికే కోపమా?”

ఈశ్వరి వాళ్లమ్మకు వినపడకుండా, చాలా నెమ్మదిగా అంది. “పనిమనిషిగా మా అమ్మ ఉండాది గదా. ఆటలో గూడా మేమేనా?”

పక్కనున్న పీట లాక్కొని కూర్చొని ప్లేట్లు తుడవడం మొదలుపెట్టాను. వాళ్లమ్మ “అయ్యో, శెట్టిగారి పాపా, నువ్వేంది తల్లీ, లెయ్యి లెయ్యి” అని కంగారు పడింది. ప్లేట్ల దొంతర అయిపోయాక ఈశ్వరి చేతులు కడుక్కొని నాతోపాటు నడిచింది.

మేము మెట్లెక్కేసరికి అమ్మ మజ్జిగ తెచ్చింది. ప్రతి ఆదివారం తెచ్చేదే. పళ్లెంలో మూడు స్టీలు గ్లాసులు, ఒక ప్లాస్టిక్ గ్లాసు. ఆ ప్లాస్టిక్ గ్లాసు ఎవరికోసమో ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు. నేను దాన్ని రెండేళ్లుగా చూస్తూనే ఉన్నాను, కానీ ఆ రోజే కనపడింది. ఇంకొకటి కూడా కనపడింది. అమ్మ పళ్లెం కింద పెట్టీపెట్టకముందే సార్ చేయి చాచి ప్లాస్టిక్ గ్లాసు తీసుకున్నారు. స్టీలు గ్లాసు ఒకటి ఈశ్వరి వైపు జరిపారు. ఎంత మామూలుగా చేశారంటే, అది ఆయన ప్రతి వారం చేస్తున్న పని అని నాకు అప్పుడు తట్టింది. రెండేళ్లలో ఒక్కసారి కూడా మా అమ్మను ఒక్క మాట అనలేదు. మాకు నీతులు చెప్పలేదు.

ఆ తర్వాతి వారం నేనే వంటింట్లోకి పోయి నాలుగు స్టీలు గ్లాసులు పళ్లెంలో పెట్టాను. అమ్మ చూసింది. “మీ అవ్వ చూసిందంటే ఊరుకుంటాదా?” అంది.

“అవ్వ మిద్దె ఎక్కలేదు గదా.”

అమ్మ చాలాసేపు మజ్జిగ చిలుకుతూనే ఉంది. చివరికి నాలుగింట్లోనూ తనే పోసింది.

ఎప్పుడో ఒకరోజు భాస్కర్ కుతూహలం పట్టలేక అడిగాడు. “సార్, నిజంగా అయితే మీది ఏ బతుకు?” సార్ క్యాలెండరు కాగితం మడుస్తున్నారు. “గుట్టు బతుకురా” అన్నారు. “అంటే ఉన్నదాంట్లో సర్దుకోవడమా సార్?” అన్నాడు వాడు. “కాదు. లేనిది ఎదుటోడికి కనపడకుండా చూసుకోవడం. ఆరింట్లో అన్నిటికన్నా ఖర్చైనది అదే” అన్నారు. మేము క్యాలెండరు వైపు చూసి, కాదు సార్, దొర బతుకే ఎక్కువ, రెండు దోసిళ్లు అని వాదించాం. ఆయన ఒప్పుకున్నట్టు నవ్వారు.

మా ఇంటర్ పరీక్షలు అయిపోయీ కాకముందే కరోనా వచ్చి ఊళ్లు మూతపడ్డాయి. బడి కూడా మూశారు. మూడోరోజు పొద్దున్నే సార్ చేతిలో ఒక్క సంచీతో కిందికి దిగారు. కొమరోలు వైపు పోయే పాల వ్యాన్ అతను ఆయన్ను ఎక్కించుకుంటానన్నాడు. నాయన దుకాణం ముందు గీతలు గీయించి, మనుషుల్ని దూరం దూరంగా నిలబెట్టి సరుకులు కొలుస్తున్నాడు. మా దుకాణం ఎన్నడూ లేనంత రద్దీగా ఉంది. “గది మీదే సార్, ఎన్నాళ్లైనా తాళం మీ దగ్గర్నే ఉండనీండి. బాడుగ మాట ఎత్తొద్దు” అన్నాడు నాయన. “పది దినాల్లో వచ్చేస్తా సార్” అన్నారాయన. ఆయన చుట్టూ బియ్యం మూటలు, పప్పు బస్తాలు. వాటి మధ్య నుంచి జాగ్రత్తగా, ఏదీ తగలకుండా నడిచి పోయారు. ఆ నెల నుంచి బడి జీతాలు లేవని మాకు తెలుసు. తెలుసు గానీ, తెలిసిన సంగతిని ఆ మనిషికి జోడించి చూడలేదు.

ఆట ఆగలేదు. ఆదివారం నాలుగింటికి సార్ అందరికీ ఫోన్ కలిపేవారు. భాస్కర్ నంద్యాలలో వాళ్ల మామ ఇంట్లో చిక్కుకుపోయాడు, ఈశ్వరేమో వాళ్లమ్మ ఫోన్ తీసుకొని ఆడేది. పాచిక అక్కడ నాపరాయి మీద దొర్లే చప్పుడు మాకు వినపడేది. నేను ప్రతిసారీ మొదట అడిగే మాట, “బాగున్నారా సార్?” ఆయన ప్రతిసారీ చెప్పే మాట, “బాగుండానమ్మా, మీరు?” ఆ తర్వాత రాజ్యంలోకి పోయేవాళ్లం.

ఒక వారం ఆయన గొంతు బొంగురుగా ఉంది. ఏమైందంటే, “ఎండలమ్మా” అన్నారు. ఆ వారం రాజ్యంలో నెల తిరిగింది. ఎట్ల బతుకుతారని అడిగారు. ఎప్పట్లాగే దొర బతుకు అన్నాను. ఇంట్లో ఊరికే కూర్చొని విసుగ్గా ఉందేమో, నా పాత్ర ఆ నెల ఇచ్చిన విందును వర్ణించడం మొదలుపెట్టాను. నేతిలో వేగిన బూరెలు, ముద్దపప్పు, గుత్తొంకాయ, పులిహోర, పెరుగావడలు. భాస్కర్ “ఇంక చాలు తల్లీ” అన్నాడు. సార్ మాత్రం అన్నారు, “చెప్పనీరా. ఇంకా ఏమేం వడ్డించినావమ్మా?” నేను ఇంకా చెప్పాను. పది నిమిషాలు చెప్పాను. ఫోన్ అవతల ఆయన ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. “బాగుండాది. శానా బాగుండాది” అన్నారు చివర. ఆ మాట నా వర్ణనను మెచ్చుకోవడం అనుకున్నాను.

మే నెల మధ్యలో, మిట్టమధ్యాహ్నం, ఈశ్వరి మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. నెత్తిన చున్నీ, కాళ్లకు చెప్పులు లేవు.

“సార్ పోయినాడు హారికా.”

“ఎక్కడికి?” అన్నాను. నిజంగానే అట్లా అడిగాను.

ఊళ్లో ఎవరిదో బత్తాయి తోటలో పాదులు తవ్వే కూలికి పోతున్నారట, నెలా పదిహేను రోజులుగా. ఆ రోజు ఎండలో పార పట్టుకొనే కూలిపోయారట. ఆటోలో ఎక్కించి తెస్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. పాల వ్యాన్ అతను వచ్చి ఈశ్వరి వాళ్లమ్మకు చెప్పాడు.

“కూలికి పోతున్నాడని నీకు తెలుసా?”

తెలుసు అన్నట్టు తలూపింది. “రెండో వారం మీ ఫోన్లు పెట్టేసినాక నేను మళ్లా చేసినా. సార్, పొద్దున ఏం తిన్నారు అని అడిగినా. ఆయన పలకలా. అప్పుడే తెలిసిపోయింది. మాకు రేషన్ స్టోరులో ఇచ్చిన బియ్యం రెండుసార్లు వ్యాన్‌లో పంపించింది మా అమ్మ.”

నా వెనక గోడకు ఆనించి ఇరవై అయిదు కిలోల మూటలు నడుము ఎత్తున ఉన్నాయి. “నాకెందుకు చెప్పలేదే?” అని అరిచాను. “మా ఇంట్లో బియ్యానికి కరువా? ఎందుకు చెప్పలేదు?”

“చెప్పొద్దన్నాడు. శెట్టిగారి ముందర నా గుట్టు తీయొద్దమ్మా అన్నాడు.” ఈశ్వరి కళ్లు తుడుచుకుంది. “నువ్వన్నా అడగాల్సింది.”

“అడిగినా! ప్రతి వారం అడిగినా, బాగున్నారా అని.”

“బాగున్నారా అంటే ఎవురైనా బాగుండామనే అంటారు హారికా.”

ఆమె కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఈపాటికి మరిచిపోయి ఉండేదాన్నేమో.

ఎనిమిదో రోజున నాయన, నేను, ఈశ్వరి ఆయన ఊరికి వెళ్లాం. నాయన వ్యాన్‌లో బియ్యం, పప్పు, నూనె, చింతపండు వేయించాడు. సార్ తల్లి గడపలో కూర్చొని ఉంది. నాయన సామాను దించిస్తుంటే అడ్డం చెప్పలేదు, సంతోషపడలేదు. ఆమె కళ్లు మా ఇద్దరి మీదే ఉన్నాయి. “ఫోన్‌లో ఆడే పిలకాయలు మీరేనా?” అంది. మేము తలూపాం. “ఆదివారం మాత్రం పనికి పోయేటోడు కాదు. మేస్త్రి తిట్టినా పోడు. మధ్యాహ్నమే నీళ్లు పోసుకొని, ఇస్త్రీ చొక్కా ఏసుకొని, తల దువ్వుకొని కూచునేటోడు. ఫోన్‌లో నిన్నెవురు చూస్తార్రా అంటే, నేను చూసుకుంటా గదమ్మా అనేటోడు.”

నాయన అక్కడే వేపచెట్టు నీడలో కూలబడ్డాడు. కొలతలో, ధరలో ఎన్నడూ తడబడని మనిషి. “ఒక్క మాట, ఒక్క మాట అంటే నేను పంపనా అమ్మా? నా ఇంటి మీద మూడేళ్లకు పైన ఉండినాడు” అన్నాడు. ఆమె నిదానంగా చెప్పింది. “అడిగే మనిషైతే మీరు పంపకపోదురా, నాయనా.” తిరిగి వచ్చాక నాయన మిద్దె గది చాలాకాలం ఎవరికీ బాడుగకు ఇవ్వలేదు. ఆ తల్లికి నెలనెలా సరుకులు పోతూనే ఉన్నాయి. కానీ అది ఆలస్యంగా చేసిన పని అని నాయనకు తెలుసు, నాకు తెలుసు.

ఈశ్వరి నర్సు చదివి ఇప్పుడు మార్కాపురంలో పనిచేస్తోంది. మేమిద్దరం ఇప్పటికీ మాట్లాడుకుంటాం. ఆ మధ్యాహ్నం గురించి మాత్రం మళ్లీ ఎన్నడూ మాట్లాడుకోలేదు. నేను కొమరోలు మండలంలో ఒక గ్రామ సచివాలయంలో ఉద్యోగం చేస్తున్నాను. ఏ పథకం వచ్చినా ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకోవాలి. ఎన్ని గదులు, కరెంటు బిల్లు ఎంత, బండి ఉందా, పొలం ఉందా. ఫోన్‌లో గళ్లు నింపితే, ఆ ఇంటిది ఏ రకం బతుకో అదే తేల్చి చెప్పేస్తుంది. ఆ పని నేనూ అందరిలాగే చేస్తాను. కాకపోతే గళ్లన్నీ నిండిపోయాక ఫోన్ సంచీలో పెట్టేసి, లేవకుండా కాసేపు కూర్చుంటాను. ఇలా అయితే రోజుకు పదిళ్లు కూడా కావని మా వాళ్లు విసుక్కుంటారు.

పోయిన నెల ఒక ముసలమ్మ ఇంటికి వెళ్లాను. పెంకుటిల్లు, అలికిన వాకిలి, ముగ్గు. ఉతికిన చీర కట్టుకొని నాకు పీట వేసింది. కొడుకు గుంటూరులో ఉన్నాడు, డబ్బు పంపుతాడు, ఏ ఇబ్బందీ లేదంది. గళ్లన్నీ నిండాయి.

“బాగనే ఉండా తల్లీ, నాకేం తక్కువ” అంది మళ్లీ, నేను లేస్తానేమో అని చూస్తూ.

“పొద్దున ఏం తిన్నావు అవ్వా?” అన్నాను.

ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చాలాసేపు గడపవైపే చూసింది. బయట నా తోటి ఉద్యోగి బండి స్టార్ట్ చేసి హారన్ కొట్టాడు. నేను లేవలేదు.